విండోస్ 11 వేశాక నచ్చలేదంటే: పది రోజుల్లోగా చూసుకోవలసినవి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: చెన్నై ట్రిప్లికేన్‌లో చిన్న జాబ్‌వర్క్ ఆఫీసు. తెలుగు శుభలేఖలు, బిల్ బుక్కులు కంపోజ్ చేస్తారు, పక్కనే జీఎస్‌టీ రిటర్నుల పని. మూడు సిస్టమ్‌లు ఉన్నాయి. ఐ5-8265యూ లాప్‌టాప్ (8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్), ఐ3-7100 అసెంబుల్డ్ డెస్క్‌టాప్, పేజ్‌మేకర్ (పాతకాలపు పేజీ కంపోజింగ్ సాఫ్ట్‌వేర్) కోసమే ఉంచిన పాత కోర్ 2 డుయో. లాప్‌టాప్‌కి నాలుగు రోజుల క్రితం సర్వీస్ కుర్రాడు విండోస్ 11 ప్రో, 25హెచ్2 వెర్షన్ (2025 రెండో సగంలో వచ్చినది) వేశాడు. అప్పటినుంచి సిస్టమ్ నత్తనడక. ప్రింటర్ ఆఫ్‌లైన్ అంటోంది. జిరాక్స్ మెషీన్ నుంచి స్కాన్‌లు రావడం లేదు. అనూ ఫాంట్లు (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్లు) కొన్ని పేజ్‌మేకర్‌లో కనబడటం లేదు. వెనక్కి వెళ్లిపోవాలా? మిగతా రెండూ మార్చాలా వద్దా?

ముందు ఒక పని చేసేసి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవండి. విండోస్ 10 కి వెనక్కి వెళ్లే దారి అప్‌గ్రేడ్ అయిన రోజు నుంచి 10 రోజులే తెరిచి ఉంటుంది. మీకు నాలుగు అయిపోయాయి. ఈ గడువును 60 రోజుల వరకు పెంచుకోవచ్చు, అయితే ఆ 10 రోజులు దాటకముందే పెంచుకోవాలి. స్టార్ట్‌లో సీఎండీ అని వెతికి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఇవ్వండి. అక్కడ కొట్టవలసింది ఇది, ఇంగ్లీషు అక్షరాల్లోనే:

DISM /Online /Set-OSUninstallWindow /Value:60

ప్రతి స్లాష్ (/) ముందూ ఒక ఖాళీ ఉండాలి, మరెక్కడా ఉండకూడదు. సెట్ బదులు గెట్ పెట్టి, చివర వాల్యూ లేకుండా మళ్లీ కొడితే ఎన్ని రోజులుందో చూపిస్తుంది. 60 అని వస్తే సరే.

వెనక్కి వెళ్లడానికి కావలసిన పాత విండోస్ అంతా సీ డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. బాగా జాగా తింటుంది కాబట్టి "సీ నిండిపోయింది, క్లీన్ చేద్దాం" అనిపిస్తుంది. డిస్క్ క్లీనప్‌లో గానీ స్టోరేజ్ సెట్టింగ్స్‌లో గానీ ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్స్ అన్న గడికి టిక్ పెట్టారంటే గడువు 60 ఉన్నా ఉపయోగం లేదు. స్పీడ్ పెంచుతామనే క్లీనర్ సాఫ్ట్‌వేర్లూ ఈ ఫోల్డర్‌నే ముందు ఊడ్చేస్తాయి. వాటి జోలికి పోకండి.

వెనక్కి వెళ్లే బటన్ సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో రికవరీ, గో బ్యాక్. మీ ఫైళ్లు ఉంటాయి గానీ అప్‌గ్రేడ్ తర్వాత ఇన్‌స్టాల్ చేసిన ప్రోగ్రాములు, మార్చిన సెట్టింగ్స్ పోతాయి. ఉంటాయన్న మాట నమ్మి ఊరుకోకుండా ట్యాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా ఫోల్డర్, పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫాంట్లు ఒక బయటి డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి.

ఇంత చెప్పాను గానీ, మీ లాప్‌టాప్ విషయంలో వెనక్కి వెళ్లాల్సిన అవసరం నాకు కనబడటం లేదు. విండోస్ 10 కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ ప్రాసెసర్ 8వ తరం, విండోస్ 11 కి పనికొచ్చే ప్రాసెసర్లంటూ మైక్రోసాఫ్ట్ ఇచ్చిన జాబితాలో ఉన్నదే. మీరు రాసిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా విండోస్ 11 వల్ల శాశ్వతంగా వచ్చినది కాదు. మొదటి వారంలో మనకు కనబడేది కొత్త సిస్టమ్ అసలు స్వరూపం కాదు. సగం దాని సర్దుబాటు పని, సగం మారిపోయిన పాత సెట్టింగ్స్. ఆ రెండూ తీసేశాక మిగిలేదాని మీద తీర్పు చెప్పాలి.

నత్తనడక సంగతి

అప్‌గ్రేడ్ అయిన తర్వాత వెనకాల చాలా పనులు ఒకేసారి మొదలవుతాయి. సెర్చ్ ఇండెక్స్ మళ్లీ కడుతుంది, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్లన్నీ ఒకసారి చూస్తుంది, స్టోర్ యాప్‌లు అప్‌డేట్ అవుతాయి, డ్రైవర్లు దిగుతాయి. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఉన్న సిస్టమ్‌లో ఇవన్నీ ఒక పూటలో తెమిలిపోతాయి. హార్డ్ డిస్క్‌లో రోజుల తరబడి సాగుతాయి, ఎందుకంటే మీరు సాయంత్రం షట్‌డౌన్ చేసేస్తారు, పొద్దున మళ్లీ మొదలు. ఒక రాత్రి చార్జర్ పెట్టి, పవర్ సెట్టింగ్స్‌లో స్లీప్‌ను నెవర్‌కి మార్చి, అలాగే వదిలేయండి. మూత మూయకండి.

పొద్దున కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి డిస్క్ అన్న నిలువు వరుస చూడండి. ఏ ప్రోగ్రామూ తెరవకుండానే అది 90, 100 శాతం దగ్గర నిలబడి, రాత్రంతా వదిలినా తగ్గకపోతే తప్పు డిస్క్‌ది. విండోస్ 10 కూడా హార్డ్ డిస్క్ మీద ఏడుస్తూనే నడిచేది, 11 ఇంకొంచెం ఎక్కువ ఏడుస్తుంది, అంతే తేడా. 2018, 2019 నాటి లాప్‌టాప్‌లలో చాలావాటికి 1 టీబీ హార్డ్ డిస్క్ ఇచ్చి, లోపల ఎం.2 స్లాట్ (చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టుకునే చోటు) ఖాళీగా వదిలేశారు. మీదాంట్లో ఉందో లేదో మోడల్ నంబర్‌తో సర్వీస్ మాన్యువల్‌లో చూసుకోండి. స్లాట్ ఉన్నంత మాత్రాన సరిపోదు. కొన్ని స్లాట్లు సాటా రకం ఎం.2 మాత్రమే తీసుకుంటాయి, కొన్ని ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ రకం మాత్రమే, కొన్ని రెండూ. రిచీ స్ట్రీట్‌లో కంప్యూటర్ కొట్టువాడు "అన్నీ పడతాయి సార్" అంటాడు. మాన్యువల్‌లో ఉన్న పేజీ ఫొటో తీసి పట్టుకెళ్లండి. 512 జీబీ చాలు. పాత హార్డ్ డిస్క్‌ను పారేయకుండా డేటాకి ఉంచుకోండి.

ర్యామ్ 8 జీబీ మీ పనికి సరిపోతుంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ చూస్తే ఎన్ని స్లాట్లు వాడుకలో ఉన్నాయో కింద రాసి ఉంటుంది. బ్రౌజర్, ట్యాలీ, పేజ్‌మేకర్ మూడూ తెరిచినప్పుడు 85 శాతం దాటితేనే ఇంకో 8 జీబీ గురించి ఆలోచించండి. ఖర్చు ఒక్కదానికే పెట్టగలిగితే ముందు ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ తర్వాత.

విండోస్ సెక్యూరిటీలో కోర్ ఐసొలేషన్ కింద ఉండే మెమరీ ఇంటిగ్రిటీ అనే రక్షణ ఆపేస్తే వేగం పెరుగుతుందని ఎవరైనా చెబితే వినకండి. 8వ తరం ఇంటెల్‌లో ఆ పనికి హార్డ్‌వేర్ సాయం ఉంది, పడే భారం తక్కువ. ఆపితే పోయేది మాత్రం డ్రైవర్ల రూపంలో వచ్చే దొంగ సాఫ్ట్‌వేర్ మీద ఉన్న కాపలా.

ప్రింటర్ ఆఫ్‌లైన్

యూఎస్‌బీ ప్రింటర్లకు అప్‌గ్రేడ్ తర్వాత తరచూ వచ్చే తంటా ఇది. విండోస్ పాత ప్రింటర్‌ను కొత్త పరికరం అనుకుని కొత్త పోర్టు కట్టబెడుతుంది. పాత పేరు యూఎస్‌బీ001 మీదే వేలాడుతూ ఉంటుంది, అసలు ప్రింటర్ యూఎస్‌బీ002 మీద పలుకుతుంది. ట్యాలీ, పేజ్‌మేకర్ పాత పేరునే పట్టుకుని ఉంటాయి కాబట్టి ఆఫ్‌లైన్ అంటుంది. సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్, మీ ప్రింటర్, ప్రింటర్ ప్రాపర్టీస్, పోర్ట్స్ టాబ్. అక్కడ టిక్‌ను పక్క యూఎస్‌బీ పోర్టుకి మార్చి టెస్ట్ పేజ్ కొట్టండి. కాపీ 1 అని ఇంకో ప్రింటర్ కనబడుతుంటే అది ఏ పోర్టు మీద ఉందో చూస్తే అసలు పోర్టు ఏదో తెలిసిపోతుంది. పాత పేరుకి ఆ పోర్టు ఇచ్చి, కాపీ 1 తీసేయండి. ఇలా చేస్తే ట్యాలీలో ప్రింటర్ పేరు మళ్లీ ఎంచుకునే పని ఉండదు.

ప్రింటర్స్ అండ్ స్కానర్స్ పేజీలోనే విండోస్ ప్రొటెక్టెడ్ ప్రింట్ మోడ్ అని ఒకటి ఉంటుంది. మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. ఎవరైనా సెక్యూరిటీ పేరుతో ఆన్ చేసి ఉంటే తయారీదారుల డ్రైవర్లు పనిచేయవు, పాత లేజర్ ప్రింటర్లు, డాట్ మ్యాట్రిక్స్‌లు ఉన్నపళంగా మాయమవుతాయి. ఆఫ్‌లో ఉందని నిర్ధారించుకోండి.

జిరాక్స్ మెషీన్ నుంచి స్కాన్ రాకపోవడం

ఇది కొంచెం లోతైన విషయం. మెషీన్ స్కాన్ చేసి మీ లాప్‌టాప్‌లోని షేర్డ్ ఫోల్డర్‌లోకి రాస్తుంది. ఆ రాతకు అడ్డం పడేవి మూడు. తేలికైనదానితో మొదలుపెట్టండి.

మొదటిది నెట్‌వర్క్ రకం. అప్‌గ్రేడ్‌లోనో, రౌటర్ మార్చినప్పుడో నెట్‌వర్క్ పబ్లిక్ కింద పడిపోతుంది. పబ్లిక్ అంటే ఫైర్‌వాల్ లోపలికి ఎవరినీ రానివ్వదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, మీ వైఫై ప్రాపర్టీస్, ప్రైవేట్ నెట్‌వర్క్. చాలాసార్లు ఇక్కడితో అయిపోతుంది.

రెండోది పాస్‌వర్డ్. సర్వీస్ కుర్రాడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ కట్టి పిన్ పెట్టి ఉంటాడు. ఆ నాలుగంకెల పిన్ ఆ లాప్‌టాప్ ముందు కూర్చున్నవాళ్లకే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. స్కాన్ కోసమే వేరే లోకల్ యూజర్‌ను తయారుచేయండి. స్కాన్ అనే పేరు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో ఓ పాస్‌వర్డ్, అడ్మిన్ హక్కులు వద్దు. షేర్డ్ ఫోల్డర్‌కి షేరింగ్ టాబ్‌లోనూ సెక్యూరిటీ టాబ్‌లోనూ ఆ యూజర్‌కి రాసే హక్కు ఇచ్చి, మెషీన్ అడ్రస్ బుక్‌లో ఆ పేరూ పాస్‌వర్డూ పెట్టండి. రెండు టాబ్‌లలో ఒక్కచోటే హక్కు ఇచ్చి, రాలేదేమిటా అని తలపట్టుకోవడం ఇక్కడ మామూలు.

మూడోదే అసలు కొత్తది. 24హెచ్2 నుంచి ప్రో ఎడిషన్‌లో ఫైల్ షేరింగ్‌కి సైనింగ్ తప్పనిసరి అయింది, అంటే ప్రతి ప్యాకెట్‌కీ సంతకం ఉండాలి. 25హెచ్2 లోపల అదే విండోస్ కాబట్టి ఇదీ అంతే. హోమ్ ఎడిషన్‌కి ఈ నిబంధన లేదు. పక్క కొట్టువాళ్లకి అదే మెషీన్ బ్రహ్మాండంగా పనిచేస్తూ మీకే చేయకపోవడానికి కారణం ఇదే కావచ్చు. పాత కాపీయర్లకి ఈ సంతకం పెట్టడం రాదు. ముందు మెషీన్ కంపెనీ ఇంజనీర్‌ని ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో అడగండి. లేకపోతే స్కాన్ టు ఈమెయిల్ గానీ, మెషీన్‌కే పెన్‌డ్రైవ్ పెట్టి స్కాన్ చేయడం గానీ మేలు. రెండూ కుదరకపోతే అడ్మిన్‌గా పవర్‌షెల్ తెరిచి Set-SmbServerConfiguration -RequireSecuritySignature $false అని కొట్టాలి. ఫాల్స్ ముందు డాలర్ గుర్తు మరవకండి. మెషీన్ మీ లాప్‌టాప్‌లోకి రాస్తోంది కాబట్టి ఇక్కడ మీ లాప్‌టాపే సర్వర్. మీ లాప్‌టాప్ వేరే డిస్క్ బాక్స్ నుంచో, రౌటర్‌కి తగిలించిన డిస్క్ నుంచో ఫైళ్లు తెచ్చుకోలేకపోతుంటే అప్పుడు మార్చాల్సింది క్లయింట్ వైపు, అంటే Set-SmbClientConfiguration. ఈ రెంటినీ తికమక పడి ఒకటి మార్చబోయి ఇంకొకటి మార్చి, ఫలితం లేక, ఉన్న రక్షణ కూడా పోగొట్టుకుంటారు.

ఎస్‌ఎంబీ 1 (ఫైల్ షేరింగ్ తాలూకు పాత పద్ధతి) ఆన్ చేయమని వీడియోల్లో చెబుతుంటారు. చేయకండి. 2017లో ప్రపంచాన్ని గడగడలాడించిన వానాక్రై రాన్సమ్‌వేర్ పాకింది ఆ తలుపు గుండానే. జీఎస్‌టీ డేటా ఉన్న సిస్టమ్‌లో అది తెరవడం కంటే స్కాన్‌లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోవడం నయం.

అనూ ఫాంట్లు, పేజ్‌మేకర్, తెలుగు

ఫాంట్ ఫైల్ మీద డబుల్ క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కితే, విండోస్ 10 1809 వెర్షన్ (2018) నుంచీ అది అందరి ఫాంట్ల ఫోల్డర్‌లోకి వెళ్లదు. ఆ ఒక్క యూజర్ తాలూకు ఆప్‌డేటా ఫోల్డర్‌లోకి వెళుతుంది. వర్డ్‌లాంటి కొత్త ప్రోగ్రాములు రెండు చోట్లా చూస్తాయి. 2001 నాటి పేజ్‌మేకర్ 7కి ఆ రెండో చోటు ఉందనే తెలియదు. కాబట్టి వర్డ్‌లో కనబడి పేజ్‌మేకర్‌లో కనబడకపోతే ఆ ఫాంట్లను సెట్టింగ్స్‌లోని ఫాంట్స్ పేజీలో తీసేసి, మళ్లీ ఫైళ్లన్నీ ఒకేసారి ఎంచుకుని, రైట్ క్లిక్‌లో ఇన్‌స్టాల్ ఫర్ ఆల్ యూజర్స్ ఇవ్వండి. ఆ మాట కనబడకపోతే షో మోర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. పేజ్‌మేకర్ మూసి తెరవండి. తీసేసే ముందు ఫాంట్ ఫైళ్ల కాపీ మీ దగ్గర ఉందని చూసుకోండి, ఒరిజినల్ సీడీ ఎక్కడుందో వెతుక్కునే పరిస్థితి రాకూడదు.

ఫాంట్ కనబడుతోంది గానీ కీబోర్డు కొడితే తెలుగు పడకుండా పిచ్చి అక్షరాలు పడుతున్నాయంటే కారణం వేరు. పేజ్‌మేకర్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరిచి, అనూ తాలూకు తెలుగు టైపింగ్ ప్రోగ్రాము స్క్రిప్ట్ మేనేజర్‌ను మామూలుగా తెరిస్తే, తక్కువ హక్కులున్న ప్రోగ్రాము ఎక్కువ హక్కులున్న దానిలోకి కీలు పంపకుండా విండోస్ అడ్డుకుంటుంది. రెండింటినీ ఒకే హోదాలో తెరవాలి. రెండింటి షార్ట్‌కట్‌లకీ ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ టాబ్‌లో అడ్మిన్ టిక్ పెట్టడం తేలిక, ఎందుకంటే పేజ్‌మేకర్ తన సొంత ఫోల్డర్‌లోనే రాసుకునే పాతకాలపు అలవాటు ఉన్నది. దానికి ఒక చిక్కుంది. అడ్మిన్‌గా తెరిచిన ప్రోగ్రాములోకి ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫొటోలు లాగి వదిలితే పడవు. ప్లేస్ కమాండ్ వాడుకోవాలి.

యూనికోడ్ తెలుగుకి (వర్డ్‌లో, వెబ్‌లో, ఫోన్లలో వాడే తెలుగు) అనూ అక్కర్లేదు. టైమ్ అండ్ లాంగ్వేజ్‌లో లాంగ్వేజ్ అండ్ రీజియన్, యాడ్ ఎ లాంగ్వేజ్, తెలుగు. చేర్చేటప్పుడు డిస్‌ప్లే లాంగ్వేజ్ టిక్ తీసేయండి, లేకపోతే మెనూలన్నీ తెలుగులోకి మారి సర్వీస్ కుర్రాడు మిమ్మల్ని తిట్టుకుంటాడు. తర్వాత తెలుగు పక్క చుక్కల్లో లాంగ్వేజ్ ఆప్షన్స్, కీబోర్డ్స్. ఇన్‌స్క్రిప్ట్ దానంతటదే ఉంటుంది. ఇంగ్లీషులో కొడితే తెలుగయ్యేది కావాలంటే తెలుగు ఫొనెటిక్ చేర్చుకోండి. విండోస్ కీ, స్పేస్‌బార్‌తో మారుతుంది.

పాత లెటర్‌హెడ్ ఫైళ్లు గౌతమి గానీ వాణి గానీ ఫాంట్‌లో ఉంటే, అవి లేని సిస్టమ్‌లో వర్డ్ నిర్మల యూఐ పెట్టేస్తుంది. కొలతలు వేరు కాబట్టి ఒక పేజీ ఉత్తరం రెండో పేజీలోకి జారుతుంది. తెలుగు భాష చేర్చితే ఆ ఫాంట్లు సాధారణంగా వాటంతటవే దిగుతాయి. దిగకపోతే సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోండి.

డిజిటల్ సిగ్నేచర్

మీరు అడగలేదు, అయినా రిటర్ను గడువు రోజు అడుగుతారు కాబట్టి ఇప్పుడే చూసుకోండి. డిజిటల్ సిగ్నేచర్ (డీఎస్‌సీ) ఉండే యూఎస్‌బీ టోకెన్ తీసేసి, దాని పాత డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేసి, తయారీదారు సైట్ నుంచి కొత్తది వేసి, రీస్టార్ట్ చేశాకే టోకెన్ పెట్టండి. టోకెన్ తాలూకు యుటిలిటీలో మీ పేరుతో సర్టిఫికెట్ కనబడితేనే ముందుకు. ఆ తర్వాత ఎమ్‌సైనర్‌ను (జీఎస్‌టీ పోర్టల్‌లో డిజిటల్ సంతకం పెట్టించే ప్రోగ్రాము) అడ్మిన్‌గా తెరిచి పోర్టల్‌లో రిజిస్టర్ డీఎస్‌సీ పేజీ దాకా వెళ్లి చూడండి. సర్టిఫికెట్ యుటిలిటీలో కనబడి పోర్టల్‌లో కనబడకపోతే తప్పు ఎమ్‌సైనర్ దగ్గర, రెండు చోట్లా కనబడకపోతే డ్రైవర్ దగ్గర. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఉంటేనే పనిచేసే పాత సైట్ ఏదైనా వాడుతుంటే, విండోస్ 11లో అది లేదు. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ బ్రౌజర్ కింద ఐఈ మోడ్ అనుమతించి ఆ సైట్‌ను చేర్చుకోవాలి. ఆ చేర్పు 30 రోజులకు తొలగిపోతుంది, మళ్లీ చేర్చాలి.

48 అంకెల తాళం ఎవరి దగ్గరుంది?

మీ ఉత్తరంలో నాకు అన్నింటికంటే భయం కలిగించిన మాట "సర్వీస్ కుర్రాడు వేశాడు" అన్నది. 24హెచ్2 నుంచి, ఫార్మాట్ చేసి కొత్తగా విండోస్ వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే, చాలా లాప్‌టాప్‌లలో డిస్క్ ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) దానంతటదే ఆన్ అవుతుంది. రికవరీ కీ ఆ అకౌంట్‌లోకి వెళుతుంది. ఆ అకౌంట్ ఎవరిది? చాలా కొట్లలో పని త్వరగా తెమలడానికి వాళ్ల సొంత ఐడీతోనో, అప్పటికప్పుడు పుట్టించిన ఐడీతోనో సెటప్ పూర్తిచేస్తారు. రేపు మదర్‌బోర్డ్ మారిస్తేనో, బయాస్ (మదర్‌బోర్డ్‌లో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయితేనో స్క్రీన్ నీలంగా మారి 48 అంకెల కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్క్‌లో ఉన్న డేటా మైక్రోసాఫ్ట్ కూడా ఇవ్వలేదు.

కాబట్టి ఈరోజే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో manage-bde -status కొట్టండి. సీ డ్రైవ్ ఫుల్లీ డీక్రిప్టెడ్ అంటే చింత లేదు. ఎన్‌క్రిప్టెడ్ అంటే manage-bde -protectors -get C: కొడితే న్యూమరికల్ పాస్‌వర్డ్ కింద 48 అంకెలు కనబడతాయి. కాగితం మీద రాసి ఆఫీసు ఫైల్‌లో పెట్టండి, అదే లాప్‌టాప్‌లో సేవ్ చేస్తే ఏం లాభం. తర్వాత అకౌంట్స్ పేజీలో లాగిన్ అయి ఉన్న ఈమెయిల్ మీదేనా చూసుకోండి. మీది కాకపోతే మీ పేరుతో ఇంకో అడ్మిన్ అకౌంట్ చేసి, ఫైళ్లు మార్చుకున్నాకే పాతది తీసేయండి.

వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ) కూడా ఇక్కడే చూడాలి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లోకి మారిపోయి ఉండొచ్చు. ఫోల్డర్ అడ్రస్‌లో వన్‌డ్రైవ్ అన్న మాట కనబడితే మారినట్టే. ఉచిత జాగా 5 జీబీ. శుభలేఖల ఫొటోలతో అది రెండు రోజుల్లో నిండి, సింక్ ఆగిపోయిందని గోల మొదలవుతుంది. వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లో మేనేజ్ బ్యాకప్‌లో ఆపవచ్చు. ఆపేముందు మొత్తం డెస్క్‌టాప్ కాపీ బయటి డిస్క్‌లో ఉండాలి, ఆపాక డెస్క్‌టాప్ ఖాళీగా కనబడి ఫైళ్లన్నీ వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో మిగిలిపోవచ్చు.

చేతి అలవాట్లు

వీటికి పెద్ద కథ లేదు. స్టార్ట్ బటన్ ఎడమకి కావాలంటే టాస్క్‌బార్ సెట్టింగ్స్, బిహేవియర్స్, అలైన్‌మెంట్ లెఫ్ట్. రెండు ట్యాలీ కంపెనీలు విడివిడిగా పేర్లతో కనబడాలంటే అక్కడే కంబైన్‌ను నెవర్ చేయండి. ఈ సౌకర్యం మొదట తీసేసి, 2023లో తిరిగిచ్చారు. రైట్ క్లిక్‌లో పాత మెనూ కావాలంటే షిఫ్ట్ పట్టుకుని క్లిక్ చేయండి. విండోస్, జెడ్ నొక్కితే కిటికీలు పక్కపక్కన సర్దుకునే గళ్లు వస్తాయి. బిల్లు చూస్తూ పోర్టల్‌లో ఎంట్రీ కొట్టేవాళ్లకి ఇది నిజంగా బాగుంటుంది. స్టార్ట్ మెనూలో సిఫారసులు, ప్రకటనల్లాంటివి పర్సనలైజేషన్‌లో స్టార్ట్ కింద ఆపుకోండి. వర్డ్‌ప్యాడ్ 24హెచ్2 నుంచి లేదు. ఎవరైనా ఆర్‌టీఎఫ్ ఫైల్ పంపితే వర్డ్‌లోనో లిబ్రెఆఫీస్‌లోనో తెరవాలి.

మిగతా రెండు సిస్టమ్‌లు

ఐ3-7100 ఏడో తరం, అధికారిక జాబితాలో లేదు. రిజిస్ట్రీలో ఒక విలువ పెట్టి విండోస్ 11 ఎక్కించే దారి ఉంది, సిస్టమ్ నడుస్తుంది కూడా. కానీ అలా వేసిన సిస్టమ్‌లకి అప్‌డేట్లు ఇస్తామని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు, ప్రతి ఏటా వచ్చే పెద్ద వెర్షన్‌కి మళ్లీ చేత్తో ఎక్కించుకోవాలి. డబ్బు లెక్కల పనికి ఆ దారి నేను చెప్పను. విండోస్ 10లోనే ఉంచి అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో చేరడం మేలు. సిస్టమ్ 22హెచ్2లో ఉండాలి, అడ్మిన్ మైక్రోసాఫ్ట్ అకౌంట్ కావాలి. విండోస్ అప్‌డేట్ పేజీలోనే చేరే లింకు వస్తుంది. వ్యక్తిగత వాడకందార్ల పథకం 2026 అక్టోబర్ 13 వరకు. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 1000 రివార్డ్స్ పాయింట్లు, అదీ కాకపోతే 30 డాలర్లు. డొమైన్‌లో చేరిన సిస్టమ్‌లకి ఇది వర్తించదు. కంపెనీల పథకం వేరే, మొదటి ఏడాదికి సిస్టమ్‌కి 61 డాలర్లు. మీ ఆఫీసు ఏ కోవలోకి వస్తుందో మీ ఆడిటర్‌తో ఒక మాట అనుకోండి. ఆ గడువులోగా సిస్టమ్ మార్చడానికి డబ్బు సర్దుకోండి.

మార్చేటప్పుడు రిచీ స్ట్రీట్‌లో గానీ, బెంగళూరు ఎస్పీ రోడ్‌లో గానీ రీఫర్బిష్డ్ డెస్క్‌టాప్ కొనబోతే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. విండోస్ 11 వేసి ఉంది కదా అని చూడకండి, ప్రాసెసర్ నంబర్ చూడండి. ఐ5-6500, ఐ5-7500 మీదా విండోస్ 11 ఎక్కించి అమ్ముతారు. గీత తర్వాత మొదటి అంకె 8 గానీ 9 గానీ ఉండాలి, లేదా 10, 11, 12 లాంటి రెండంకెల తరం కావాలి. ఏఎండీ అయితే లెక్క ఇంత తేలిక కాదు, రైజెన్ 2000 వరుసలో లాప్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని జాబితాలో లేవు. పూర్తి పేరు మైక్రోసాఫ్ట్ జాబితాలో వెతికి చూసుకోవాలి. కొట్లోనే రన్‌లో msinfo32 కొట్టి ప్రాసెసర్ పేరు, బయాస్ మోడ్ యూఈఎఫ్‌ఐ, సెక్యూర్ బూట్ ఆన్ అని మూడూ చూడండి. tpm.msc కొడితే టీపీఎం (విండోస్ 11 అడిగే సెక్యూరిటీ చిప్) స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 రావాలి. యాక్టివేషన్ పేజీలో డిజిటల్ లైసెన్స్ అని ఉండాలి. బయాస్ మోడ్ లెగసీ అని వచ్చి ప్రాసెసర్ సరైనదే అయితే భయం లేదు. డిస్క్ పద్ధతిని మార్చే ఎంబీఆర్2జీపీటీ (mbr2gpt) అనే ఉపకరణం ముందు వాలిడేట్‌తో, తర్వాత కన్వర్ట్‌తో నడిపి, బయాస్‌లో యూఈఎఫ్‌ఐకి మార్చుకోవచ్చు. డిస్క్‌లో మూడుకి మించి ప్రైమరీ పార్టిషన్లు ఉంటే అది ఒప్పుకోదు. ఈ పనులప్పుడు యూపీఎస్ లేకుండా మొదలుపెట్టకండి. విండోస్ వేసుకోవడానికి దింపుకునే ఐఎస్ఓ ఫైలే 5 జీబీ దాటుతుంది, రోజుకి 2 జీబీ మొబైల్ ప్యాక్‌తో మధ్యలో ఆగిపోతుంది.

కోర్ 2 డుయో మీద 24హెచ్2, ఆ తర్వాతవి బూటే కావు. అవి అడిగే ఎస్‌ఎస్ఈ 4.2, పాప్‌కౌంట్ సూచనలు ఆ ప్రాసెసర్‌లో లేవు, ఏ ట్రిక్కూ పనిచేయదు. దాంట్లో ఉన్నది 32 బిట్ విండోస్ అయి, 16 బిట్ నాటి ప్రోగ్రాము ఏదైనా దాని మీద నడుస్తుంటే, అది విండోస్ 11లో ఎక్కడా నడవదు. విండోస్ 11 వచ్చేదే 64 బిట్‌లో. కొన్ని పాత ప్రోగ్రాములు 32 బిట్‌వే అయినా వాటి ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది, అవీ చాలావరకు ఎక్కవు. కాబట్టి దాన్ని పేజ్‌మేకర్‌కే ఉంచి, లాన్ వైరు పీకేయండి, వైఫై డాంగిల్ తీసేయండి. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో వెళ్లి రావాలి, వచ్చిన ప్రతిసారీ లాప్‌టాప్‌లో డిఫెండర్‌తో స్కాన్ చేశాకే తెరవాలి. లాప్‌టాప్‌లో పేజ్‌మేకర్ రెండు మూడు పెద్ద జాబ్‌లు, అంటే పీడీఎఫ్ తీసి ప్లేట్ దాకా వెళ్లినవి, తప్పుల్లేకుండా దాటాక పాత సిస్టమ్‌ను స్క్రాప్‌కి ఇచ్చేయొచ్చు. హార్డ్ డిస్క్ మాత్రం విప్పి మీ దగ్గరే ఉంచుకోండి.